ఆ ఆరు వారాలూ కనురెప్పల మీద కన్నేసి ఉంచండి

పాఠకుల ప్రశ్నలు: చెన్నై నుంచి క్యాన్సర్ మందుల వైద్యురాలి జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది నెల్లూరు. మా నాన్నగారికి 62 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. రెండేళ్ల కిందట ఆయాసం, మెడ దగ్గర వాపు వస్తే చెన్నై తీసుకువచ్చాం. ఛాతీలో, గుండెకు పైన గడ్డ ఉందని, దాని పేరు థైమిక్ కార్సినోమా అని చెప్పారు. కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు ఆరు విడతలు, తర్వాత రేడియేషన్ ఇచ్చారు. ఏడాదికి పైగా బాగున్నారు. మొన్న స్కానులో ఊపిరితిత్తి పొర మీద, కాలేయంలో మళ్లీ కనిపించింది. మా డాక్టరు లెన్వాటినిబ్ మాత్రలు మొదలుపెడదామంటున్నారు. హైదరాబాదులో ఉన్న మా బాబాయి మాత్రం ఇమ్యునోథెరపీ ఇంజెక్షను ఇప్పించమని, దానికి జుట్టు కూడా రాలదని, ఏ ఇబ్బందీ ఉండదని పట్టుబడుతున్నారు. ఆసుపత్రి వరండాలో పరిచయమైన ఒకాయన, థైమస్ జబ్బు ఉన్నవాళ్లకు ఆ ఇంజెక్షను ఇస్తే గుండె ఆగిపోతుందని చెప్పి మా అమ్మను భయపెట్టారు. ఎవరి మాట నమ్మాలి? ఒకవేళ ఇంజెక్షను వేయించుకుంటే నెల్లూరులో ఉండవచ్చా?
– ఒక కూతురు, నెల్లూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బాబాయి గారు చెప్పినదానిలో కొంత నిజముంది. వరండాలో మాట కలిపిన ఆయన చెప్పినదానిలోనూ నిజముంది. ఇద్దరూ అడగకుండా వదిలేసిన ప్రశ్న ఒకటుంది. బయాప్సీ కాగితం మీద ఏ పేరు రాశారు?

మీరు థైమిక్ కార్సినోమా అని స్పష్టంగా రాశారు కాబట్టి సగం బరువు దిగింది. అయినా ఆ కాగితం తీసి మీ కళ్లతో ఒకసారి చదవండి. ఛాతీలో ఉండే థైమస్ అనే గ్రంథిలో పుట్టే గడ్డల్లో ముఖ్యమైనవి రెండు: థైమోమా, థైమిక్ కార్సినోమా. మనవాళ్లు రెండింటినీ కలిపి థైమస్ గడ్డ అనేస్తారు. డిశ్చార్జి కాగితాల్లో ఒకదాని చోట ఇంకొకటి రాసినవి కూడా నేను చూశాను. ఇమ్యునోథెరపీ విషయంలో ఆ ఒక్క మాట తేడా ప్రాణాల మీదికి తెస్తుంది. అనుమానం ఉంటే బయాప్సీ బ్లాకులు, అంటే పరీక్షకు తీసి భద్రపరచిన గడ్డ ముక్కలు, తెప్పించి, ఈ గడ్డలు తరచుగా చూసే పాథాలజిస్టుతో మళ్లీ చదివించమని అడగండి. అలా అడగడం మీ హక్కు. ఏ మంచి డాక్టరూ దానికి నొచ్చుకోరు.

ఎందుకింత పట్టుదలగా చెబుతున్నానో వివరిస్తాను. థైమస్ రొమ్ము ఎముక వెనక, గుండెకు పైభాగంలో ఉంటుంది. పసిపిల్లల ఎక్స్‌రేలో అది చిన్న తెరచాపలా కనిపిస్తుంది. వయసు పెరిగేకొద్దీ కుంచించుకుపోయి కొవ్వుగా మారుతుంది. చాలాకాలం దాన్ని అక్కరలేని అవయవమే అనుకున్నారు. 1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు థైమస్ తీసేస్తే అవి రోగాలకు తట్టుకోలేవని చూపించాడు. మన రోగనిరోధక శక్తికి వెన్నెముకలాంటి టీ కణాలు తయారయ్యేది అక్కడే. వాటి పేరులోని టీ అక్షరం థైమస్‌దే.

మీ నాన్నగారికి చెప్పేటప్పుడు థైమస్‌ను బస్సు డిపో అనుకోమనండి. ప్రతి బస్సునూ పరీక్షించాకే గేటు దాటనిస్తారు. సొంత శరీరం మీదికే దూసుకుపోయే బస్సు ఉంటే దాన్ని డిపోలోనే తుక్కు చేస్తారు. ఈ పరీక్ష ఎంత కఠినమంటే, లోపల తయారైన టీ కణాల్లో నూటికి ఐదు కూడా బయటికి రావు. థైమోమాలో డిపో నడుస్తూనే ఉంటుంది గానీ పరీక్షించేవారు ఉండరు. అందుకే థైమోమా ఉన్నవాళ్లలో ఇంచుమించు మూడోవంతు మందికి మయస్థీనియా అనే కండరాల నీరసం కూడా ఉంటుంది. సొంత కండరాన్ని శత్రువనుకునే కణాలు గేటు దాటేశాయన్నమాట. థైమిక్ కార్సినోమాలో డిపోనే దాదాపు కూలిపోయి ఉంటుంది. కొత్త బస్సులు బయటికి రావు. అందువల్ల ఈ రకం స్వయం దాడి జబ్బులు అందులో అరుదు.

ఇక ఇమ్యునోథెరపీ సంగతి. టీ కణానికి పీడీ-1 అనే బ్రేకు ఉంటుంది. క్యాన్సర్ ఆ బ్రేకు తొక్కి పట్టుకుని తప్పించుకుంటుంది. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ లాంటి మందులు ఆ బ్రేకును వదిలిస్తాయి. పీడీ-1ను కనిపెట్టిన తసుకు హోంజోకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. దానికి చాలా ముందే, 2001లో, ఆయన బృందం ఒక సంగతి బయటపెట్టింది. పుట్టుకతోనే పీడీ-1 లేని ఒక జాతి ఎలుకలు గుండె ఉబ్బి, గుండె జబ్బుతో చనిపోయాయి. ఈ మందు గుండె మీద చూపగలిగే ప్రభావం గురించి హెచ్చరిక మనకు అప్పుడే అందింది. మంచి బస్సుకు బ్రేకు వదిలిస్తే క్యాన్సర్ మీదికి వెళుతుంది. పరీక్ష లేకుండా గేటు దాటిన బస్సుకు వదిలిస్తే ఎటు వెళుతుందో ఊహించుకోండి.

లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. దక్షిణ కొరియా వైద్యులు 2019లో ప్రకటించిన పరిశీలనలో పెంబ్రోలిజుమాబ్ తీసుకున్న ఏడుగురు థైమోమా రోగుల్లో ఐదుగురికి తీవ్రమైన స్వయం దాడి ఇబ్బందులు వచ్చాయి. అదే పరిశీలనలోని 26 మంది థైమిక్ కార్సినోమా రోగుల్లో నలుగురికే వచ్చాయి. అమెరికాలో 2018లో వెలువడిన పరిశీలనలో 40 మంది థైమిక్ కార్సినోమా రోగులకు ఈ మందు ఇచ్చారు. తొమ్మిది మందికి గడ్డలు బాగా తగ్గాయి. ఆ తొమ్మిది మందిలో చాలామందికి ఆ మేలు ఏడాది దాటి నిలిచింది. ఆరుగురికి తీవ్రమైన ఇబ్బంది వచ్చింది, వారిలో ఇద్దరికి గుండె కండరం వాచింది. మీ బాబాయి గారికి ఆ తొమ్మిది మంది సంగతి చెప్పండి. అమ్మను భయపెట్టిన ఆయన మాటలోని నిజం ఆ ఇద్దరి గురించి. మీ కుటుంబానికి రెండు అంకెలూ తెలియాలి.

మీ డాక్టరు చెప్పిన లెన్వాటినిబ్ విషయానికి వస్తే, జపాన్‌లో 2020లో వెలువడిన పరిశీలనలో, మొదటి కీమో తర్వాత జబ్బు తిరగబెట్టిన 42 మంది థైమిక్ కార్సినోమా రోగులకు రోజూ 24 మిల్లీగ్రాముల మాత్రలు ఇచ్చారు. 16 మందికి గడ్డలు బాగా తగ్గాయి. ఈ మాత్రలు గడ్డకు కొత్త రక్తనాళాలు పుట్టకుండా అడ్డుకుంటాయి. ఆ కోవలోదే సునిటినిబ్. దాన్ని 2015 నాటి పరిశీలనలో ఇస్తే 23 మందిలో ఆరుగురికి గడ్డ తగ్గింది. ఈ మందులను ఒకే పరిశీలనలో పక్కపక్కన పెట్టి పోల్చలేదు కాబట్టి 16ను, 9ని తూచి తీర్పు చెప్పకూడదు. అయినా మీ నాన్నగారు నా రోగి అయితే నేనూ మాత్రలతోనే మొదలుపెడతాను. మాత్రల వల్ల ఇబ్బంది వస్తే ఆపగానే కొద్ది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. ఇంజెక్షను అలా కాదు. ఒక్క డోసు పడ్డాక వారాల తరబడి రక్తంలో ఉంటుంది. అది రేపిన దాడి మందు వెళ్లిపోయాక కూడా కొనసాగవచ్చు. ముందు మాత్రలు వాడినంత మాత్రాన ఇంజెక్షను అవకాశం పోదు.

ఒక మినహాయింపు ఉంది. గడ్డ పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉన్నా, దగ్గితే రక్తం పడుతున్నా, బీపీ అదుపులో లేకపోయినా ఈ మాత్రలకు తొందరపడకూడదు. మీ నాన్నగారికి అదే చోట రేడియేషన్ కూడా జరిగింది కాబట్టి, స్కానులో రక్తనాళాల సంగతి ప్రత్యేకంగా చూడమని అడగండి. ఇంకో మాట. ఇప్పటివరకు జన్యు పరీక్ష చేయించకపోతే చేయించండి. కొద్దిమందిలో కిట్ అనే జన్యువులో మార్పు కనిపిస్తుంది. వారికి దారి వేరుగా ఉంటుంది.

మాత్రలు మొదలుపెట్టారనుకుందాం. ఇంట్లో బీపీ యంత్రం ఉండి తీరాలి. జపాన్ పరిశీలనలో సగానికి మించి రోగులకు బీపీ మందులు పెంచవలసినంతగా రక్తపోటు పెరిగింది. ఉదయం, సాయంత్రం చూసి ఒక నోటు పుస్తకంలో రాయండి. పై అంకె 150 దాటితే ఆ రోజే డాక్టరుకు ఫోను చేయండి, తర్వాతి తేదీ దాకా ఆగవద్దు. రెండోది అరికాళ్లు. ముప్పై ఏళ్లు బస్సులో నిలబడి పనిచేసిన మనిషికి మడమల దగ్గర, బొటనవేలి కింద గట్టిపడిన చర్మం ఉంటుంది. ఈ మందుకు మొదట మండేదీ, పగిలేదీ అక్కడే. మాత్ర మొదలుపెట్టక ముందే ఆ గట్టి చర్మాన్ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి మెత్తబరచి, యూరియా ఉన్న క్రీము రాత్రీ పగలూ రాయండి. మెత్తటి చెప్పులు కొనండి. కాళ్లు మండి నడవలేక రోగి తనంతట తానే మాత్రలు మానేసి, మొహమాటంతో మా దగ్గర దాచిపెట్టడం ఎన్నోసార్లు చూశాను. చెబితే డోసు తగ్గిస్తాం. 24 మిల్లీగ్రాములు చాలామంది తట్టుకోలేరు, తగ్గించడంలో తప్పు లేదు. మూత్రంలో ప్రొటీను, థైరాయిడ్ కూడా నెలకోసారి చూస్తారు.

ఇప్పుడు ఇంజెక్షను గురించి. దాని అవసరం తర్వాతైనా రావచ్చు కాబట్టి ఇప్పుడే చెబుతాను.

కొన్నేళ్ల కిందట వెంకటగిరి వైపు నుంచి ఒక చేనేత పనివారు నా దగ్గరికి వచ్చేవారు. థైమిక్ కార్సినోమాయే. కీమో పనిచేయడం ఆగిపోయాక పెంబ్రోలిజుమాబ్ మొదటి డోసు ఇచ్చాం. ఏ ఇబ్బందీ లేదు. మూడు వారాలకు రావలసినవారు. పద్దెనిమిదో రోజు మగ్గం మీద కూర్చుంటే ఒక పోగు రెండు పోగులుగా కనిపించిందట. చూపు మందగించిందనుకుని ఊళ్లో కొత్త కళ్లజోడు కొన్నారు. రెండు రోజులకు అన్నం నమలడానికి దవడ అలిసిపోయింది. రక్త పరీక్ష చేయిస్తే, కాలేయం కోసం చూసే ఎస్‌జీఓటీ బాగా పెరిగి నాలుగు వందలు దాటి ఉంది. కామెర్లు అన్నారు. పసరు మందు మింగించారు. మూడు రోజులు పథ్యం పెట్టారు. ఆయన భార్య ఆయనను తీసుకుని చెన్నై చేరేసరికి తల నిలబడటం లేదు, గడ్డం ఛాతీకి ఆనిపోతోంది. ఆమె చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రక్త పరీక్ష కాగితం, దాని పక్కనే కొత్త కళ్లజోడు పెట్టె.

కాగితం చూశాను. కామెర్లలో పెరిగే బిలిరుబిన్ మామూలుగానే ఉంది. ఎస్‌జీఓటీ కాలేయంలోనే కాదు, కండరాల్లోనూ ఉంటుంది. అక్కడ కరుగుతున్నది కండరం. కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే పరీక్ష చేయిస్తే వేలల్లో వచ్చింది, గుండె కండరం దెబ్బతింటే పెరిగే ట్రోపోనిన్ కూడా పెరిగి ఉంది. కండరాల వాపు, మయస్థీనియా, గుండె కండరం వాపు మూడూ ఒకేసారి వచ్చాయి. ఇవి మూడూ కలిసి వచ్చినప్పుడే మాకు ఎక్కువ భయం. స్టెరాయిడ్ సెలైనులో పెద్ద డోసుగా ఇచ్చాం, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించాం, రక్తంలోని ప్లాస్మా మార్చాం. వెంటిలేటరు మీద ఉంచవలసి వచ్చింది. నలభై రోజులకు పైగా ఉండి ఇంటికి వెళ్లారు. మళ్లీ మగ్గం మీద కూర్చోలేకపోయారు. ఆ ఒక్క డోసుకే గడ్డ సగానికి తగ్గింది, ఏ మందూ లేకుండా ఏడాదికి పైగా అలాగే ఉంది. ఈ రెండు సంగతులనూ నేను ఒకదాని నుంచి ఒకటి విడదీసి చెప్పలేను.

ఆయనకు నేను చెప్పి పంపిన మాట, ఏదైనా తేడా కనిపిస్తే రండి అని. ఏది తేడా అన్నది విడమరిచి చెప్పలేదు. ఆ తప్పు నాది. ఆ తర్వాత నుంచి ఈ ఇంజెక్షను వేసే ప్రతి తెలుగు కుటుంబానికీ తెలుగులోనే ఒక కార్డు రాసి ఇస్తున్నాను. అందులో ఉన్నదే మీకూ చెబుతాను.

మొదటి ఇంజెక్షనుకు ముందు ఈసీజీ, గుండె ఎకో, ట్రోపోనిన్, సీపీకే, కాలేయం, థైరాయిడ్, షుగరు పరీక్షలు, వీటితోపాటు ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీ పరీక్ష చేయించాలి. చివరిది ఖరీదైన పరీక్షే అయినా వదలవద్దు. మయస్థీనియా బయటపడక ముందే ఆ యాంటీబాడీలు రక్తంలో ఉండవచ్చు. థైమోమా రోగులకు ఈ రకం మందు ఇచ్చి చూసినప్పుడు, అవి ముందే ఉన్నవాళ్లకే కండరాల వాపు ఎక్కువగా వచ్చింది. మీ నాన్నగారికి ఆ పరీక్ష పాజిటివ్ వస్తే నేనైతే ఇంజెక్షను ఇవ్వను.

ఇంజెక్షను పడ్డాక ఆరు వారాలు, రోజూ సాయంత్రం దీపం పెట్టే వేళకు, ఆయనను మంచం మీద పడుకోబెట్టి పైన తిరగని ఫ్యానును ఒక నిమిషం చూడమనండి. ఉదయం కన్నా సాయంత్రమే మంచి సమయం, కండరం అలిసేది అప్పుడే. రెప్ప మెల్లగా వాలుతోందా, ఫ్యాను రెండుగా కనిపిస్తోందా చూడండి. తర్వాత లేచి కూర్చుని గట్టిగా ఊపిరి పీల్చి, మళ్లీ పీల్చకుండా ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టమనండి. ఇంజెక్షనుకు ముందు రోజు ఎంతవరకు వచ్చారో గోడ మీది క్యాలెండరులో రాసి ఉంచండి. వైద్య పుస్తకాల్లో ఇచ్చిన సంఖ్యలు ఇంగ్లిషు అంకెల లెక్కవి. మన అంకెలు పొడుగు. కాబట్టి ఆయన సంఖ్యతోనే ఆయనను పోల్చండి. రోజూ ముప్పై దాకా వచ్చే మనిషి ఇరవై దగ్గర ఆగిపోతే అది అలసట అనుకోవద్దు.

వీటితోపాటు నమలడం, మింగడం కష్టం కావడం, గొంతు ముక్కుతో మాట్లాడినట్టు మారడం, తొడలు, భుజాలు నొప్పి పెట్టడం, గుండె దడ, ఛాతీ బరువు, మెట్లెక్కితే కొత్తగా ఆయాసం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి. నెల్లూరులో ఉండవచ్చా అని అడిగారు. ఉండవచ్చు. ఆరు వారాలు చెన్నైలో లాడ్జి గది అద్దెకు తీసుకోనక్కరలేదు. అయితే ఇంజెక్షనుకు ముందే నెల్లూరులో రాత్రిపూట కూడా ఈసీజీ, ట్రోపోనిన్ చేసే, ఐసీయూ ఉన్న ఆసుపత్రి ఒకటి చూసి పెట్టుకోండి. మీ చెన్నై డాక్టరు చేత వారికి ఒక ఉత్తరం రాయించండి. రాత్రి పదింటికి రెప్ప వాలితే మరుసటి రోజు పినాకిని ఎక్స్‌ప్రెస్ కోసం ఎదురుచూడకండి. నేనైతే ఆ ఆరు వారాలూ వారానికోసారి ట్రోపోనిన్, సీపీకే చేయిస్తాను. అవి నెల్లూరులోనే చేయించి కాగితం ఫోనులో పంపితే చాలు.

ఎవరు ఎంత చెప్పినా కాలేయం పరీక్ష పెరిగిందని పసరు మందు మింగించవద్దు. ఎస్‌జీఓటీ పెరిగితే సీపీకే కూడా చేయించమని అడగండి. ఆ ఒక్క ప్రశ్న వెంకటగిరిలో ఎవరైనా అడిగి ఉంటే మాకు నాలుగైదు రోజులు కలిసి వచ్చేవి.

ఖర్చు సంగతి మీరు రాయలేదు. ఉత్తరం పంపే కుటుంబాలు దాన్ని తరచూ దాచుకుంటాయి, అందుకని నేనే చెబుతున్నాను. పెంబ్రోలిజుమాబ్ మీద కస్టమ్స్ సుంకాన్ని 2023లో కేంద్ర ప్రభుత్వం తీసేసింది. అయినా అది మామూలు కుటుంబాలకు అందని ధరలోనే ఉంది. లెన్వాటినిబ్ మన దేశంలో తయారైనది దొరుకుతుంది, ఖర్చులో చాలా తేడా ఉంటుంది. ఈ దశలో ఏ మందూ జబ్బును పూర్తిగా తీసేస్తుందని మాట ఇవ్వలేం. జబ్బును నెలల తరబడి, కొందరిలో సంవత్సరాల తరబడి అణచి ఉంచడానికే ప్రయత్నిస్తాం. పొలం అమ్మాలనే ఆలోచన ఇంట్లో ఉంటే, ముందు మీ నాన్నగారిని కూర్చోబెట్టి ఈ మాటలన్నీ చెప్పండి. ఆయన తన జీవితమంతా చిల్లర లెక్క తప్పకుండా ఇచ్చిన మనిషి. తన విషయంలో లెక్క ఆయనకు తెలియాలి.

ప్రశ్న: మేము చెన్నై అయనావరంలో ఉంటాం. నా భార్యకు 41 ఏళ్లు. థైమోమా బీ2 రకం అని ఐదేళ్ల కిందట ఆపరేషన్ చేశారు. మయస్థీనియా ఉంది, పిరిడోస్టిగ్మిన్ మాత్రలు వాడుతోంది. ఇప్పుడు ఊపిరితిత్తి పొర మీద మూడు చిన్న గడ్డలు కనిపించాయి. ఇమ్యునోథెరపీ ఇప్పించవచ్చా?
– ఒక భర్త, అయనావరం

జవాబు: వద్దు. థైమోమా, దానికి తోడు మయస్థీనియా. పై జవాబులో నేను భయపడిన రెండూ మీ భార్యలో ఉన్నాయి. ఎవరైనా ఇస్తామంటే రెండో అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోకండి.

దారులు మూసుకుపోలేదు. పొర మీద మూడు గడ్డలే ఉంటే ముందు చూపించవలసింది ఛాతీ సర్జన్‌కు. థైమోమా తిరగబెట్టినా మళ్లీ ఆపరేషన్ చేసి తీసేయగలిగితే చాలామంది ఎన్నో ఏళ్లు బాగుంటారు. అది కుదరకపోతే రేడియేషన్, కీమో ఉన్నాయి. స్కానులో గడ్డలు ఆక్ట్రియోటైడ్ అనే మందును పట్టుకుంటున్నాయని తేలితే ఆ ఇంజెక్షను, ఇంకా ఎవరోలిమస్ మాత్రలు ఉన్నాయి. థైమోమా నెమ్మదిగా నడిచే జబ్బు. ఆలోచించుకోవడానికి మీకు కొంత సమయం ఉంది.

ఆపరేషనైనా కీమో అయినా మయస్థీనియా చూసే న్యూరాలజిస్టు పక్కన ఉండాలి. జ్వరం, గొంతునొప్పి వస్తే వీధి చివర మందుల షాపులో అడిగి ఏదీ మింగించవద్దు. మనకు అలవాటైన అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ ఈ జబ్బులో కండరాలను ఇంకా నీరసపరుస్తాయి. జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు, మెగ్నీషియం సెలైను, దడకు ఇచ్చే ప్రొప్రనొలాల్ లాంటి మాత్రలు కూడా అంతే. ఈ పేర్లు ఒక కాగితం మీద రాసి ఆమె పర్సులో ఉంచండి. ఏ కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితం చూపించి, ఆ తర్వాతే జబ్బు చెప్పమనండి.

ప్రశ్న: మా అన్నయ్యకు స్మాల్ సెల్ ఊపిరితిత్తుల క్యాన్సర్. కీమోతో కలిపి అటిజోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇచ్చారు. నాలుగో డోసు తర్వాత రోజుకు పది విరేచనాలయ్యాయి. ఆసుపత్రిలో చేర్చి స్టెరాయిడ్ ఇస్తే తగ్గింది. ఇప్పుడు ఇంట్లో ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములు వాడుతున్నాడు. స్టెరాయిడ్ వల్ల క్యాన్సర్ మందు పనిచేయకుండా పోతుందని అన్నయ్య మాత్రలు ఆపేస్తానంటున్నాడు. రోగనిరోధక శక్తి పెరగాలని మా అమ్మ రోజూ తిప్పతీగ కషాయం ఇస్తోంది. ఇది మంచిదేనా?
– ఒక తమ్ముడు, గుమ్మిడిపూండి

జవాబు: మాత్రలు ఒక్కసారిగా ఆపనివ్వకండి. పేగు మళ్లీ వాచితే చిల్లు పడే ప్రమాదం కూడా ఉంది. ఇలాంటి ఇబ్బందికి స్టెరాయిడ్ వాడినవారిలో ఇమ్యునోథెరపీ మేలు తుడిచిపెట్టుకుపోయినట్టు ఇంతవరకు వచ్చిన పరిశీలనలు చూపించలేదు. అదుపు చేయని పేగు వాపుతో మనిషినే పోగొట్టుకుంటాం. కనీసం నాలుగు నుంచి ఆరు వారాల్లో, డాక్టరు రాసిన లెక్క ప్రకారం మెట్టు మెట్టుగా తగ్గించాలి. ఈ డోసు నెల దాటేలా ఉంటే ఒక రకం న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్ ఇవ్వాలా అని అడగండి. షుగరు కూడా చూసుకోండి.

కషాయం ఈ రోజే ఆపించండి. అమ్మ మనసు నొప్పించకుండా చెప్పండి, ఆమె ప్రేమతోనే ఇస్తున్నారు. మీ అన్నయ్య శరీరంలో రోగనిరోధక శక్తి తక్కువై ఈ విరేచనాలు రాలేదు. అది అదుపు తప్పి సొంత పేగు మీద పడటం వల్ల వచ్చాయి. దాన్ని శాంతింపజేయడానికే స్టెరాయిడ్ ఇస్తున్నాం. కరోనా కాలంలో తిప్పతీగ ఎక్కువగా వాడినవారిలో, స్వయం దాడి వల్ల వచ్చే కాలేయం వాపులాంటిది కనిపించిందని మన దేశంలోని వైద్యులే 2021లోనూ, ఆ తర్వాతా ప్రచురించారు. ఇప్పటికే బ్రేకు వదిలించే మందు శరీరంలో ఉన్న మనిషికి అది అస్సలు పనికిరాదు. అమ్మకు ఏదో ఒకటి తన చేత్తో చేసి పెట్టాలని ఉంటే పలుచటి మజ్జిగన్నం, బాగా ఉడికిన పెసరపప్పు కట్టు పెట్టమనండి. కషాయం ఆపిన వారానికి ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, బిలిరుబిన్ చేయించి, ఆ కాగితంతోపాటు కషాయం ఎన్ని రోజులు తాగాడో కూడా డాక్టరుకు చెప్పండి. ఆయన అడగకపోయినా మీరే చెప్పండి.